మోచేతి మాట

గంట నుంచి హిసావో గుమ్మంలోనే కూర్చున్నాడు. తోటలో వేసుకునే రబ్బరు బూట్లు విప్పలేదు. లోపలికి రమ్మంటే రాలేదు. కినుకో తెచ్చి పక్కన పెట్టిన బార్లీ టీలో ఐసుముక్కలు ఎప్పుడో కరిగిపోయాయి.

"వాడు నా ముందుకొచ్చి, నా మొహం చూసి చెప్పాలమ్మా. అందాకా నేను కదలను," అన్నాడాయన, ఆరోసారి.

లోపలి గదిలో షున్‌సాకు గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. బల్ల మీద నోటు పుస్తకం తెరిచి ఉంది కానీ పేజీ తిరగడం లేదు. అన్నదమ్ములిద్దరి మధ్యా ఐదడుగుల నడవా, ఒక కాగితం తలుపు. ఆ ఐదడుగులూ తిరిగి తిరిగి కినుకోకి కాళ్ళు నొప్పెట్టాయి. బావగారి మాట భర్త దగ్గరికి కాస్త మెత్తచేసి తీసుకెళ్తోంది, భర్త మాట బావగారి దగ్గరికి ఇంకాస్త మెత్తచేసి తెస్తోంది. ఆ మెత్తదనం ఇద్దరిలో ఎవరికీ అక్కర్లేకపోయింది.

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి ఆమె తియ్యలేదు.

మధ్యాహ్నం మత్సుయామాలో హైస్కూలు బేస్‌బాల్ సెమీఫైనల్ గెలిచి పిల్లలు పాటలు పాడుకుంటూ వస్తుంటే, బస్సు సగం దారిలో ఉండగా, వాళ్ళకి ఆట నేర్పే షున్‌సాకు లేచి నిలబడ్డాడట. రేపటి ఫైనల్లో సెయిగో బంతి వెయ్యడు, కొదామా మొదలుపెడతాడు అని చెప్పి మళ్ళీ కూర్చున్నాడట. దారిలో టీకి ఆపినచోట ఎవడో ఇంటికి ఫోను చేసినట్టున్నాడు. బస్సు నిషియురా రేవులో ఆగేసరికి ఊరంతా ఆ మాటే.

రేపు గెలిస్తే కోషియెన్, దేశంలోని హైస్కూలు జట్లన్నీ కలలుగనే పెద్ద మైదానం. ఎహిమే జిల్లా మొత్తం నుంచి అక్కడికి వెళ్ళేది ఒక్క జట్టే. నిషియురా హైస్కూలు పెట్టిన యాభై ఏళ్ళలో ఆ అదృష్టం ఒక్కసారీ పట్టలేదు. పూర్వ విద్యార్థుల సంఘం అధ్యక్షుడు నాలుగుసార్లు ఫోను చేశాడు. మొదటిసారి బతిమాలాడు. నాలుగోసారికి, మీ ఆయన బేస్‌బాల్ నేర్పుతున్నాడా పిల్లల్ని ఉయ్యాల ఊపుతున్నాడా అని కినుకోనే అడిగాడు. మంగలి కొట్టు ముసలాయన చేశాడు. చేపవడల దుకాణం ఆవిడ ఫోనులో ఏడ్చింది. చచ్చేలోపు ఒక్కసారి కోషియెన్ చూడాలనుకున్నానమ్మా అంది. ఆవిడకి యాభై కూడా లేవు.

అందరికీ కినుకో ఒకటే చెప్పింది. ఆట సంగతులు నాకు తెలియవండీ, ఆయన్ని అడుగుతాను అని.

ఆట సంగతి తెలియకపోవచ్చు. మంగళవారం నాడు తన వంటింట్లో ఏం జరిగిందో మాత్రం ఆమెకి తెలుసు. అది తెలిసింది ఈ ఇంట్లో తనకొక్కదానికే.

సెయిగో హిసావో కొడుకు. తల్లి పోయిన తొమ్మిదో ఏటి నుంచి వాడి రాత్రి భోజనం ఈ ఇంట్లోనే. మంగళవారం క్వార్టర్ ఫైనల్ గెలిచి వచ్చి, చన్నీళ్ళలో వేసిన సేమ్యాలు ఎడమచేత్తో తిన్నాడు. ఏమిట్రా ఇది అంటే, సరదాకి అలవాటు చేసుకుంటున్నాను పిన్నీ అన్నాడు. తిన్న గిన్నె కడగబోయి కుళాయి తిప్పలేకపోయాడు. ఆమె దగ్గరికెళ్ళి వాడి కుడి మోచెయ్యి పట్టుకుని చూసింది. జ్వరం వచ్చిన పసివాడి నుదురులా కాలిపోతోంది.

"బాబాయ్‌కి చెప్పకు పిన్నీ. ఇంకా రెండే ఆటలు," అన్నాడు. వాడి కళ్ళు వాళ్ళమ్మ కళ్ళే.

ఆమె చెప్పలేదు. ఇవాళ సెమీఫైనల్లో వాడు తొంభై ఒక్క బంతులు వేశాడు. వంటింట్లో రేడియో పెట్టుకుని, ఆ తొంభై ఒక్కటీ ఆమె విన్నది.

కాగితం తలుపు జరిగిన చప్పుడైంది. షున్‌సాకు బయటికి వచ్చాడు. నోటు పుస్తకం చేతిలోనే ఉంది. వచ్చి అన్నగారికి ఎదురుగా నడవాలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు, స్కూల్లో తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు కూర్చున్నట్టు.

"చెప్తున్నాను అన్నయ్యా, నీ మొహం చూసే చెప్తున్నాను. తొంభై బంతులు దాటిన చేతికి మూడు రోజులు విశ్రాంతి. రేపు సెయిగో వెయ్యడు."

"రేపు ఏ రోజో తెలుసా నీకు?"

"ఆదివారం."

హిసావో నవ్వాడు. ఆ నవ్వు విని కినుకో టీ గ్లాసు తీసి దూరంగా పెట్టింది.

షున్‌సాకు చెప్పిన మాట కొత్తదేం కాదు. స్కూల్లో జట్టు అతని చేతికి వచ్చిన ఎనిమిదేళ్ళుగా అదే మాట. మొదటి సంవత్సరం పిల్లలకి శీతాకాలం దాకా మట్టిదిబ్బ ఎక్కి బంతి వేసే పని లేదు. నారింజ తోటల మెట్ల మీద పరుగులే. బంతి వేసేది చెయ్యి కాదు, కాళ్ళూ నడుమూ అంటాడు. వేగం నేర్పేముందు నెమ్మదిగా వెయ్యడం నేర్పుతాడు. మోచేతి దగ్గర ఎముక ఇంకా లేతగానే ఉంటుందని, వంపు తిరిగే బంతి మూడో సంవత్సరం దాకా వెయ్యనివ్వడు. వెనక బంతి పట్టే క్యాచర్‌తో సహా జట్టులో ప్రతివాడూ బంతి వెయ్యడం నేర్చుకోవాల్సిందే. పక్క ఊళ్ళ జట్లన్నీ ఒక్క మొనగాణ్ణి పట్టుకుని వేసవంతా వాడిచేతే వేయించి గెలుస్తుంటే, షున్‌సాకు ముగ్గుర్ని పెంచుకుంటూ ఏడేళ్ళు మొదటి రెండు ఆటల్లోనే ఓడిపోయి ఇంటికొచ్చాడు. ఎవరేమన్నా పలికేవాడు కాదు. పుస్తకంలో బంతుల అంకెలు రాసుకునేవాడు. మైదానంలో వేసినవి, గోడకి వేసినవి, ఆటకి ముందు వేసినవి, అన్నీ.

ఈ ఏడాది ఆ పెంపకం పండింది. పండిన రోజునే కొయ్యనంటున్నాడని ఊరివాళ్ళ బాధ.

"కొదామా ఇవాళ చివరి మూడు ఇన్నింగ్సూ వేశాడు. నలభై ఒక్క బంతులే. రేపు వాడు వేస్తాడు. వాడికి ఒంట్లో అలసట వస్తే మొదటి సంవత్సరం పిల్లాడున్నాడు," అన్నాడు షున్‌సాకు.

"ఎవడు, ఆ మూతి మీద మీసమైనా రానివాడా? ఒకడు టోఫు దుకాణం వాడి కొడుకు కొదామా, ఇంకోడు మీసం రానివాడు. వీళ్ళిద్దర్నీ పెట్టుకుని ఫైనల్ ఆడతావు. ఈ జిల్లాలో ఎవ్వడూ ముట్టుకోలేని బంతి వేసే నా కొడుకుని బల్ల మీద కూర్చోబెడతావు."

"వాడికి పద్దెనిమిదేళ్ళు కూడా నిండలేదు. ఇంకా పాతికేళ్ళు వెయ్యాల్సిన చెయ్యి అన్నయ్యా అది."

"నీ పుస్తకంలో వాడి చెయ్యి ఉంది. వాడి గుండె ఎన్ని బంతులు వేస్తుందో రాసి ఉందా అందులో?"

షున్‌సాకు చూపు అన్నగారి కుడిచేతి మీదికి పోయింది. హిసావో దాన్ని మోకాలి మీద పెట్టుకున్నాడు, కొంచెం వంచి. దాన్ని ఆయన తిన్నగా చాపగా చూసినవాళ్ళు ముప్పై ఐదేళ్ళలో లేరు. కాయ కొయ్యడం, కత్తెర పట్టడం అన్నీ ఎడమచేత్తోనే. ఇప్పుడు ఆ చెయ్యే ముందుకి చాపాడు. చాపగలిగినంతవరకు.

"చూస్తున్నావా? బాగా చూడు. ఈ చేతిని చూసి నేను ఒక్కరోజైనా ఏడ్చానా? ఆ మూడు రోజులు తీసేస్తే, యాభై మూడేళ్ళలో చెప్పుకోడానికి నా దగ్గర నారింజకాయలు తప్ప ఏమున్నాయిరా?"

ఆ మూడు రోజుల సంగతి నిషియురాలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. హిసావోకి పద్దెనిమిదేళ్ళు. జట్టుని నడిపించేది తండ్రి తొకుజో. సెమీఫైనల్ మొత్తం హిసావోనే వేశాడు. మర్నాడు ఫైనల్ పద్దెనిమిది ఇన్నింగ్సులు వేసినా తెగలేదు. ఆ మర్నాడు మళ్ళీ ఆడించారు. మళ్ళీ హిసావోనే. ఒక్క పరుగుతో ఓడిపోయారు. మోచెయ్యి అంత వాచి ఉన్నా ఆ కుర్రాడు ఎవరితోనూ ఒక్క మాట అనలేదని ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. మంగలి కొట్లో ఆ రోజుల ఫోటో ఇంకా ఉంది. తొకుజో ఆ వేసవితోనే ఆట మానేశాడు.

"నువ్వు ఏడవలేదు. నిజమే," అన్నాడు షున్‌సాకు. "నాకు పదకొండేళ్ళు. ఆ తరవాత రెండేళ్ళు స్నానాలగదిలో నీ వీపు రుద్దింది నేను. గుండీలు పెట్టింది నేను. నువ్వు ఎవరికీ చెప్పలేదు అన్నయ్యా. నాన్నకి చెప్పలేదు, నాకు చెప్పలేదు. నేను నేర్చుకున్నదంతా అక్కడే. నొప్పి ఉన్నవాడు చెప్పడు. అడిగితే అబద్ధం చెప్తాడు. అందుకే నేను ఏ పిల్లాణ్ణీ అడగను. లెక్కపెడతాను. అంకె అబద్ధం చెప్పదు."

అంకె మంగళవారమే అబద్ధం చెప్పిందని కినుకోకి తెలుసు.

పెరటివైపు గదిలో మామగారు దగ్గారు. డెబ్భై ఐదేళ్ళ తొకుజో మధ్యాహ్నాలు ఫ్యాను ముందు పడుకుని రేడియో వింటారు. ఇవాళ రేడియో మోగడం లేదని ఆమె అప్పుడు గమనించింది. ఎంతసేపట్నుంచి ఆపేసి ఉన్నారో.

అంతలో గేటు దగ్గర సైకిలు ఆగిన చప్పుడు. సెయిగో వచ్చాడు. బస్సు దిగాక మైదానం చదును చేసి వచ్చినట్టున్నాడు, మోకాళ్ళదాకా మట్టి. సంచీ ఎడమ భుజానికి ఉంది. గుమ్మంలో తండ్రిని, నడవాలో బాబాయిని చూసి టోపీ తీసి నిలబడిపోయాడు.

"మాస్టారూ," అన్నాడు.

ఆ పిలుపు మైదానానిది. ఈ ఇంట్లో వాడు ఎప్పుడూ బాబాయ్ అనే పిలుస్తాడు.

"మాస్టారూ, రేపు నేను వేస్తాను. నాకేం కాలేదు. నన్ను వెయ్యనివ్వండి." నడుము సగానికి వంచి అలాగే ఉండిపోయాడు. సంచీ జారి నేలమీద పడింది. కుడిచెయ్యి దాన్ని పట్టుకోబోయి మధ్యలో ఆగింది.

అది చూసింది కినుకో ఒక్కతే. హిసావో కొడుకు మాట విని గర్వంగా తమ్ముడివైపు చూస్తున్నాడు. షున్‌సాకు పుస్తకంవైపు చూస్తున్నాడు.

"తొంభై ఒకటి," అన్నాడు షున్‌సాకు. "నీకేం కాలేదని నాకూ తెలుసు సెయిగో. కాకుండానే ఆపుతున్నాను. అయ్యాక ఆపడం దేనికి?"

"వాడు వేస్తానంటున్నాడు కదరా," అన్నాడు హిసావో.

"వేస్తానే అంటారు అన్నయ్యా, అందరూ."

అప్పుడు కినుకో మాట్లాడింది. మాట్లాడాలని నిశ్చయించుకున్నట్టు కూడా ఆమెకి తెలియలేదు.

"వాడి మోచెయ్యి వాచింది."

సెయిగో వంగినవాడు వంగినట్టే తల మాత్రం ఎత్తి ఆమెవైపు చూశాడు. ఆ చూపు ఆమె జన్మలో మర్చిపోదు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు షున్‌సాకు. సెయిగోని అడగలేదు. ఆమెనే అడిగాడు.

"మంగళవారం నుంచి."

షున్‌సాకు పుస్తకం మూసి పక్కన పెట్టాడు. ఇవాళ మూడో ఇన్నింగ్స్‌లో వీడి బంతులు పైకి పోతుంటే ఉత్సాహం ఎక్కువైందనుకున్నాను అన్నాడు, తనలో తను అనుకున్నట్టు. ఆ తరవాత భార్యవైపు తిరిగాడు.

"నువ్వు మంగళవారం చెప్పి ఉంటే వాడు ఇవాళ వేసేవాడు కాదు."

"తెలుసు."

"తెలిసీ రేడియో వింటూ కూర్చున్నావు."

ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన గొంతు ఇంత చల్లగా ఆమె ఎప్పుడూ వినలేదు. అరిచి ఉంటే బాగుండేది. కినుకో చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది, తడి లేకపోయినా.

"చెప్పి ఉంటే వాడు నాకు ఇంకెప్పుడూ ఏదీ చెప్పేవాడు కాదండీ. మీకెలాగూ చెప్పడు. మీరు అడగరు. నాకైనా చెప్పాడు. ఆ ఒక్క తలుపూ మూసెయ్యడానికి నాకు చేతులు రాలేదు. తప్పే. నాలుగు రోజులుగా నాకు ముద్ద దిగడం లేదు."

హిసావో లేచి నిలబడ్డాడు. కొడుకు దగ్గరికి వెళ్ళబోయి ఆగిపోయాడు. ఆయన మొహంలో గర్వం ఎక్కడికి పోయిందో తెలియలేదు. షున్‌సాకు ఆయన్ని చూడలేదు. కనుబొమలు ముడిచి ఏదో కూడుకుంటున్నాడు.

"ఇది కుదరదు," అన్నాడు చివరికి. "నేను వేయించిన బంతులకి మోచెయ్యి ఇంత కాకూడదు. వారానికి ఇన్నని రాసుకున్నాను. సెయిగో, ఈ పుస్తకంలో లేని బంతులు ఎన్ని?"

సెయిగో నిటారుగా నిలబడ్డాడు. వాడి చూపు తండ్రి బూట్ల మీదికి దిగింది.

"నలభై," అన్నాడు హిసావో.

"ఎప్పుడు?"

"రోజూ. పొద్దున్నే, తోటలో. మే నెల నుంచి. వంపు బంతి నేర్పాను. నీ దగ్గర నేర్చుకుంటే వాడికి ఎప్పటికొస్తుంది? గడ్డం నెరిశాకా? ఈ వేసవి దాటితే వాడికి కోషియెన్ లేదు షున్. నీకు వచ్చే ఏడు ఇంకో జట్టు ఉంటుంది. వాడికి లేదు."

షున్‌సాకు లేవలేదు. కినుకో భర్త చేతులవైపే చూస్తోంది. మోకాళ్ళ మీద ఆ వేళ్ళు మడతపడి తెల్లబడ్డాయి. ఇప్పుడు ఈయన నోరు తెరిస్తే అన్నదమ్ముల మధ్య ఈ గుమ్మం మళ్ళీ తెరుచుకోదు అనుకుంది. తొకుజో పెద్దకొడుకు ఇంట్లో కాక చిన్నకొడుకు ఇంట్లో ఎందుకుంటున్నారో ఈ ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగరు. హిసావో తండ్రిని పల్లెత్తు మాట అనలేదు. తండ్రితో కలిసి ఒక్క పూటా భోంచెయ్యలేదు. అలాంటి మౌనం ఇంకొకటి ఈ ఇంట్లోకి వస్తే ఆమె ఎక్కడ పెట్టుకుంటుంది?

పెరటిగది తలుపు జరిగింది.

తొకుజో తలుపు చట్రం పట్టుకుని నిలబడి ఉన్నారు. వదులు చొక్కా, మోకాళ్ళదాకా పాత లాగు. కినుకో పట్టుకోబోతే చెయ్యి ఊపి వద్దన్నారు. తనంతట తను నాలుగడుగులు వేసి, నడవా మధ్యలో, కొడుకులిద్దరికీ నడుమ, కింద కూర్చున్నారు.

"షున్‌సాకూ, నువ్వొకటి తప్పుగా నేర్చుకున్నావు," అన్నారు.

"నాన్నా, మీరు పడుకోండి," అన్నాడు హిసావో చప్పున.

"హిసావో నాకు చెప్పాడు."

కినుకోకి ముందు అర్థం కాలేదు. షున్‌సాకుకి కూడా కాలేదేమో, తండ్రివైపు ఖాళీగా చూశాడు.

"మూడో రోజు పొద్దున్న. బావి దగ్గర నేను మొహం కడుక్కుంటున్నాను. వచ్చి నా వెనక నిలబడి, నాన్నా, మోచెయ్యి తిన్నగా రావట్లేదు అన్నాడు. నాకు చెవుడు లేదు, విన్నాను. కొంచెం నూనె రాసి సాగదీస్తే సర్దుకుంటుంది అన్నాను. ఇంకేం మాట్లాడకుండా వెళ్ళి బట్టలు మార్చుకున్నాడు." ముసలాయన ఆగి ఊపిరి తీసుకున్నారు. "ఆట అయ్యాక డాక్టరు అడిగాడు, ముందే ఎవరికైనా చెప్పావా అని. ఎవరికీ చెప్పలేదన్నాడు వీడు. నేను పక్కనే ఉన్నాను. కాదు, నాకు చెప్పాడు అని నేను అనొచ్చు. అనలేదు. ఊరు వీణ్ణి వీరుణ్ణి చేస్తే నాకు సుఖంగానే ఉంది."

"నాన్నా, చాలు," అన్నాడు హిసావో.

"ముప్పై ఐదేళ్ళు చాలిందిరా."

బయట చెట్లమీద ఇలకోళ్ళు అరుస్తున్నాయి. షున్‌సాకు మొహం చూడటానికి కినుకోకి ధైర్యం చాలలేదు, అయినా చూసింది. కోపం లేదు. ఎన్నో ఏళ్ళు ఒక ఇంట్లో ఉండి, ఆ ఇంటికి పునాది లేదని ఇప్పుడే విన్నవాడిలా ఉన్నాడు. చెప్పరు కాబట్టి అడగను అన్న మాట మీద ఎనిమిదేళ్ళుగా పిల్లల్ని పెంచాడు. ఎంతమంది వచ్చి తన వెనక నిలబడి, వీపు చూసి తిరిగి వెళ్ళిపోయారో అని లెక్కపెట్టుకుంటున్నాడేమో. ఆ అంకె ఏ పుస్తకంలోనూ లేదు.

"బాబాయ్," అన్నాడు సెయిగో.

గొంతు చిన్నపిల్లాడిది. తొమ్మిదో ఏట మొదటిసారి ఈ ఇంటికి భోజనానికి వచ్చిన రోజు గొంతు.

"బాబాయ్, నొప్పిగా ఉంది. బంతి వదిలేటప్పుడు లోపల ఏదో గీసినట్టుంటోంది. రాత్రిళ్ళు వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి."

షున్‌సాకు మోకాళ్ళ మీదే జరుగుతూ గుమ్మందాకా వచ్చాడు. మైదానంలో ఏ పిల్లాణ్ణీ తాకి చూసే అలవాటు లేనివాడు, వాడి మోచేతిని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. ఎక్కడ అని అడిగాడు. ఇక్కడా అని అడిగాడు. ఎప్పుడు మొదలైంది, ఏ వేళ్ళు, వంచితేనా చాపితేనా. ఒక్కొక్కటీ అడిగి, జవాబు వచ్చేదాకా ఆగి, మళ్ళీ అడిగాడు. సెయిగో అన్నిటికీ చెప్పాడు. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేకపోయాడు. చెప్తూ చెప్తూ ఏడ్చాడు.

రేపు నువ్వు బ్యాటు కూడా పట్టవు, ఆట అయ్యేదాకా నా పక్కన కూర్చుంటావు, ఎల్లుండి పొద్దున్న మత్సుయామాలో ఎముకల డాక్టరు దగ్గరికి మనిద్దరం వెళ్తాం అన్నాడు షున్‌సాకు. సెయిగో తల ఊపాడు. ఇందాక నన్ను అలా చూశాడు, ఇక నాతో మాట్లాడతాడో లేదో అని కినుకో ఎదురుచూస్తూనే ఉంది. వాడు ఆమెవైపు తిరగలేదు.

హిసావో ఎవరితోనూ చెప్పకుండా బయటికి నడిచాడు. గేటు అవతల తన బుల్లి ట్రక్కు ఎక్కి తలుపు వేసుకున్నాడు. ఇంజను మాత్రం వెయ్యలేదు. చక్రం మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. వంటింటి కిటికీలోంచి ఆయన టోపీ కనిపిస్తోంది. వెళ్ళి పిలవాలా, వద్దా. పిలిస్తే ఏమని పిలవాలి?

"సెయిగో," అన్నాడు షున్‌సాకు వెనకనుంచి. "పొద్దున్నే తోటలో నువ్వూ మీ నాన్నే ఉండేవాళ్ళా?"

సెయిగో ముక్కు తుడుచుకుంటున్న చెయ్యి ఆగింది.

"ఇంకెవరైనా వచ్చేవాళ్ళా?"

"వాడు చెప్పొద్దన్నాడు బాబాయ్," అన్నాడు సెయిగో.

ఆ వాడు, రేపు బంతి వెయ్యాల్సిన కొదామానే అని కినుకోకి అర్థమైంది. షున్‌సాకు లేచి ఫోను దగ్గరికి వెళ్ళాడు. పుస్తకం నడవాలోనే ఉండిపోయింది. టోఫు దుకాణం నంబరు చూసుకోకుండానే తిప్పాడు. అవతల తల్లి తీసినట్టుంది. రేపటి పండగ భోజనానికి ఎర్రబియ్యం నానబోశామని ఆవిడ సంతోషంగా చెప్తుంటే కినుకోకి ఇక్కడిదాకా వినబడింది. షున్‌సాకు ఆవిడకి వంగి వంగి నమస్కారాలు చెప్పి, ఒకసారి మీ అబ్బాయిని పిలుస్తారా అన్నాడు.

గదిలో వెలుగు తగ్గుతోంది. దీపం వెయ్యాలని కినుకోకి తెలుసు, వెయ్యలేదు. నడవా మధ్యలో ముసలాయన కళ్ళు మూసుకుని కూర్చున్నారు. సెయిగో గోడకి ఆనుకుని ఫోనువైపే చూస్తున్నాడు.

"కొదామా, నేను మాస్టార్ని. రేపటి ఆట గురించి కాదు," అన్నాడు షున్‌సాకు. ఆ మాట నోటికి కొత్తది కాబట్టి తడుముకున్నాడు. "నీ చెయ్యెలా ఉంది?"

షున్‌సాకు తొందరపెట్టలేదు. ఫోను చెవికి ఆనించుకుని, తల వంచి, అడిగినవాడు వినడానికి నిలబడ్డట్టు నిలబడ్డాడు. కొదామా ఇంకా పలకలేదు.